1938 కోర్టు కాగితంలో చిన్న తాతయ్య పేరు పక్కన ‘ఇడియట్’ అని ఉంది, అప్పట్లో ఈ మాటకి అర్థం ఏమిటి?

లంకగట్టు
సంక్రాంతికి కోనసీమలో అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అటక మీది రేకుపెట్టె దింపాం. అందులో 1938 నాటి భాగ పంపకాల దావా డిక్రీ నకలు దొరికింది, ఇంగ్లీషులో టైపు కొట్టినది, మడతల దగ్గర చిరిగిపోయింది. తాతయ్య వాళ్ళు ముగ్గురు అన్నదమ్ములు. పొలం, తోట పెద్దవాళ్ళిద్దరికీ చెరి సగం రాశారు. మూడో ఆయన, అంటే మా అమ్మకి బాబాయి, నాకు చిన్న తాతయ్య. ఆయన పేరు పక్కన ‘పుట్టుకతో ఇడియట్’ అని ఉంది. భాగం లేదు, అన్నలిద్దరూ తిండికీ బట్టకీ చూసుకోవాలి అని ఒక్క వాక్యం. ఆయన తరపున ఎవరో గార్డియన్ సంతకం చేశారు, ఆయన వేలిముద్ర కూడా ఎక్కడా లేదు.

అమ్మ చెప్పేదేమంటే ఆయనకి మాటలు రావు, చెవులు వినపడవు, అంతే, మిగతా అన్నీ బాగానే ఉండేవాడు అని. నేను మా తమ్ముణ్ణి రోజుకి పదిసార్లు ఇడియట్ అంటాను, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. కానీ స్టాంపు అంటించిన కాగితం మీద సొంత మనిషి పేరు పక్కన చూస్తే ఒళ్ళు జలదరించింది. కోర్టు వాళ్ళు అలా తిడతారా? లేక అప్పట్లో అర్థం వేరా? కజిన్స్ అందరి కోసం వంశవృక్షం టైపు చేస్తున్నాను, ఆయన దగ్గర ఆగిపోయాను. తెలుగులో ఏమని రాయాలి?

నిద్రరాని_కోడర్
గ్రీకు మాట కదా అది. ఏథెన్స్‌లో ఓటు వేయని వాణ్ణి, ఊరి పనులు పట్టించుకోని వాణ్ణి ఇడియట్ అనేవారని ప్రతి ఎన్నికల ముందూ వాట్సాప్‌లో తిరుగుతుంది. మీ తాతయ్య కేసుకి అదెలా అతుకుతుందో మాత్రం తెలియదు.

పదాలపిచ్చి
ఆ వాట్సాప్ కథ సగమే నిజం. గ్రీకులో ‘ఇడియోస్’ అంటే సొంతం, ఎవరిది వాళ్ళదే అయినది. ‘ఇడియోటిస్’ అంటే పదవి లేని మామూలు మనిషి. వైద్యుడి ముందు వైద్యం రానివాడు, సేనాపతి ముందు సిపాయి, ఇలా. అందులో తిట్టు పెద్దగా లేదు. లాటిన్‌లోకి వచ్చేసరికి ‘చదువు రానివాడు’ అయింది, ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి దిగేసరికి ‘బుద్ధి లేనివాడు’ అయింది. ‘ఇడియమ్’ కూడా ఆ కుటుంబంలోదే, ఒక భాషకి సొంతమైన నుడికారం అని. లంకగట్టు గారి కాగితంలో ఉన్నది మాత్రం గ్రీకు అర్థం కాదు, తిట్టూ కాదు. అది చట్టం మాట. లాయర్లు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పాలి.

నల్లకోటు_బెజవాడ
పదాలపిచ్చి గారు సరిగ్గా పట్టుకున్నారు. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

మన పాత ధర్మశాస్త్రాల్లో ఆస్తిలో భాగం లేనివాళ్ళ పట్టీ ఒకటి ఉంది. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో పుట్టు గుడ్డివాళ్ళు, చెవిటివాళ్ళు, ఉన్మత్తులు, జడులు, మూగవాళ్ళు అని వరసగా వస్తుంది. వాళ్ళకి భాగం లేదు, కానీ మిగతావాళ్ళు వాళ్ళని పోషించాలి. ఇంగ్లీషువాళ్ళు దీన్ని అనువదించినప్పుడు ‘జడ’ అన్నచోట ‘ఇడియట్’ అని వేశారు. వాళ్ళ దేశంలో అప్పటికే ఆ మాట చట్టంలో ఉంది. ‘లూనటిక్’ అంటే మధ్యలో మతి చెడినవాడు, బాగుపడొచ్చు. ‘ఇడియట్’ అంటే పుట్టుకతోనే, ఇక బాగుపడడు. లూనటిక్ భూమిని రాజు అతని కోసం కాపాడాలి, ఇడియట్ భూమి మీద ఆదాయం మాత్రం అతను బతికినంతకాలం రాజుకే. అంటే ఇంగ్లండులో కూడా మొదటినుంచీ ఈ మాట చుట్టూ తిరిగేది భూమే.

ఇప్పుడు మీ కాగితం సంగతి. 1928లో హిందూ వారసత్వ అనర్హతల తొలగింపు చట్టం అని వచ్చింది. జబ్బు, అవిటితనం, శరీరలోపం, బుద్ధిలోపం, ఏ కారణం చెప్పీ భాగం ఎగ్గొట్టకూడదు అంది. ఒక్క మినహాయింపు ఉంచింది: పుట్టుకతో లూనటిక్ లేదా ఇడియట్ అయితే తప్ప. మీ దావా 1938. అంటే అప్పటికి చెవిటి మూగ అన్న కారణం చెల్లదు. ఇడియట్ అన్న కారణం చెల్లుతుంది.

ఓరుగల్లు_పోరడు
అన్నా, ఆ చివరి రెండు లైన్లు చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేసిన.

లంకగట్టు
నల్లకోటు గారూ, మీరు రాసింది నాలుగుసార్లు చదివాను. అంటే మూగవాడు అని రాసి ఉంటే ఆయనకి మూడో వంతు రావాలి. ఇడియట్ అని రాశారు కాబట్టి రాలేదు. ఇది అమ్మకి ఎలా చెప్పాలో తెలియడం లేదు. తాతయ్య అంటే అమ్మకి దేవుడితో సమానం.

మెల్బోర్న్_వదిన
తొందరపడి తాతయ్య గారి మీద తీర్పు ఇచ్చేయకండి. 1938లో చెవులు వినపడని పిల్లాడికి సైగల భాష నేర్పే బడి ఆ లంక గ్రామాల దగ్గర్లో ఎక్కడుంటుంది? పుట్టుకతో వినపడని మనిషికి ఏమీ అర్థం కాదని అందరూ నిజంగానే నమ్మేవాళ్ళు. మా పెద్దమ్మ కూడా అలాగే, ఆవిడని ఊరంతా ‘పిచ్చిది’ అనేవాళ్ళు, చెవుడని యాభై ఏళ్ళు వచ్చాక డాక్టరు చెబితే తెలిసింది. మోసం చేయాలనే రాశారని ఆ ఒక్క కాగితం చూసి ఎలా చెప్తాం? అన్నలు చివరి వరకూ చూసుకున్నారా లేదా, అది అడగండి అమ్మగారిని.

నల్లకోటు_బెజవాడ
వదిన గారు చెప్పింది ఒప్పుకుంటాను. నేను చట్టం ఏమందో చెప్పాను, మనుషుల మనసులో ఏముందో కాగితంలో ఉండదు. భాగం అతని పేర పెడితే గార్డియన్ పేరుతో బయటివాళ్ళు చేరతారన్న భయం కూడా ఆ రోజుల్లో ఉండేది. కానీ ఒకటి చెప్పాలి, నా వృత్తిలో పాత దావాలు చాలా చూశాను. మాట ఎంచుకునేది కక్షిదారు కాదు, వకీలు. ఏ మాట రాస్తే కేసు నిలబడుతుందో అదే రాస్తాడు.

ఇప్పుడు కోర్టుకి వెళ్ళే ఆలోచన ఉంటే మానుకోండి, ఇన్నేళ్ళ తర్వాత అది తేలేది కాదు. 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ ఈ అనర్హతలన్నీ పూర్తిగా ఎత్తేసింది. కానీ అంతకుముందు తెగిపోయిన పంపకాలని అది తిరగతోడదు.

లంకగట్టు
కోర్టు ఆలోచన అసలు లేదండీ. ఆయనకి పిల్లలు కూడా లేరు. ఆయన గురించి నిజం రాయాలి, అంతే.

సీమ_మిరప
అందరూ సీరియస్ అయిపోయారు కానీ నాకు ఒక సందేహం. ఎనభై ఏళ్ళ కిందట ఎవరో ఏదో అర్థంలో వాడారని ఇప్పుడు ఇడియట్ అనడం మానేయాలా? మా ఇంట్లో అది ముద్దు మాట. మా ఆవిడ నన్ను పెళ్ళికి ముందు నుంచీ అలాగే పిలుస్తుంది, అనకపోతే కోపంగా ఉందేమో అని నేనే టెన్షన్ పడతాను. తెలుగులో ‘పిచ్చి నాన్నా’, ‘వెర్రి తల్లీ’ అంటాం కదా, అలాంటిదే.

టీచరమ్మ_తెనాలి
సీమ_మిరప గారి ఇల్లు వేరు, బడి వేరు. నేను 26 ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. స్టాఫ్ రూములో రోజూ వినేవి ‘ఇడియట్’, ‘స్టుపిడ్’, ‘యూజ్‌లెస్ ఫెలో’, ‘వాడు డల్ అండీ’. తెలుగులో ‘మొద్దు’, ‘శుంఠ’, ‘మట్టిబుర్ర’. మొద్దు అంటే పిల్లాడు సాయంత్రానికి మర్చిపోతాడు. ఇంగ్లీషు మాట అయితే ఇంటికెళ్ళి అమ్మని అర్థం అడుగుతాడు. మూడేళ్ళ కిందట ఆరో తరగతి పిల్లాడు నోటుపుస్తకం అట్ట మీద తన పేరు కింద పెన్సిల్‌తో ఇడియట్ అని తనే రాసుకున్నాడు, అక్షరాలు కూడా తలకిందులుగా. వాడికి అక్షరాలు తారుమారయ్యే ఇబ్బంది ఉంది, డిస్లెక్సియా. లెక్కలు నోటితో అడిగితే క్లాసులో అందరికంటే ముందు చెప్పేవాడు. ఎవరన్నారు ఆ మాట అని నేను అడగలేదు. మేం అందరం అన్నాం.

సీమ_మిరప
టీచరమ్మా, దీనికి నా దగ్గర జవాబు లేదు.

బుజ్జిగాడి_అమ్మ
ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా బుజ్జిగాడికి డౌన్ సిండ్రోమ్, ఇప్పుడు పదకొండేళ్ళు. వాడు పుట్టినప్పుడు ఈ జబ్బుకి పేరు ఎలా వచ్చిందో చదివాను. 1866లో లండన్ డాక్టరు జాన్ లాంగ్డన్ డౌన్ ఒక వ్యాసం రాశాడు, దాని పేరులోనే ‘ఇడియట్లని జాతుల వారీగా విభజించడం’ అని ఉంది. ఈ పిల్లల ముఖాలు మంగోలియా వాళ్ళలా ఉంటాయని అతను అనుకున్నాడు, దాంతో వంద ఏళ్ళ పాటు డాక్టర్ల పుస్తకాల్లో వీళ్ళ పేరు ‘మంగోలియన్ ఇడియట్’. మంగోలియా దేశం అడిగితే 1965లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట మానేసింది. ఒక దేశం తన పేరు తీసేయమని అడగగలిగింది. ‘ఇడియట్’ అన్న సగం తీసేయమని అడగడానికి పిల్లలకి ఎవరున్నారు?

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ ఉంది కదా, 1984లో పెట్టినది. మొదట దాని పేరులో ‘మెంటల్లీ హ్యాండీక్యాప్డ్’ అని ఉండేది, ఇప్పుడు ‘ఇంటలెక్చువల్ డిసెబిలిటీస్’ అని మార్చారు. పేరు మారిస్తే ఏమొస్తుంది అని మా మామగారు అన్నారు. నాకైతే ఆ బోర్డు కింద వాణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించేటప్పుడు తేడా తెలుస్తుంది.

సీమ_మిరప గారూ, మీ ఆవిడ మిమ్మల్ని అనుకోవచ్చు, దానికి నాకేం బాధ లేదు, నిజంగా. బస్సులో మా వాడు టికెట్ డబ్బులు ఇవ్వడానికి ఆలస్యం చేస్తే వెనక నుంచి వినపడుతుంది చూడండి, అప్పుడు అది 1938 కాగితంలో ఉన్న మాటే.

సీమ_మిరప
అమ్మా, తప్పుగా అనుకోకండి. నేను ఇంట్లో సంగతే చెప్పాను. బస్సులో అన్నవాడు ఎవడైనా వాడి నోరు నేనే మూయిస్తాను.

డల్లాస్_బాబాయ్
ఇక్కడ అమెరికాలో ఇంకా ఘోరం జరిగింది. ‘మోరాన్’ అన్న మాట ఏదో పాత తిట్టు అనుకుంటాం, కాదు, దాన్ని ఒక సైకాలజిస్టు కూర్చుని తయారు చేశాడు. హెన్రీ గొడార్డ్, న్యూజెర్సీలో వైన్‌లాండ్ బడిలో పనిచేసేవాడు, 1910లో గ్రీకు ‘మోరోస్’ నుంచి తీశాడు. ఐక్యూ 25 లోపు ఇడియట్, 50 లోపు ఇంబెసైల్, 70 లోపు మోరాన్ అని మెట్లు కట్టారు. తిట్లు వైద్యంలోకి పోలేదు, వైద్యం నుంచి బయటికొచ్చి తిట్లయ్యాయి, కనీసం మోరాన్ విషయంలో.

మాటలతో ఆగలేదు. వర్జీనియాలో క్యారీ బక్ అని పేద అమ్మాయి, ఆమె తల్లి, ఆమె పసిపాప, ముగ్గురికీ బుద్ధిలోపం అని తేల్చి ఆమెకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయొచ్చని 1927లో సుప్రీంకోర్టే ఒప్పుకుంది. మూడు తరాల ఇంబెసైల్స్ చాలు అని జడ్జి హోమ్స్ తీర్పులో రాశాడు. ఆ పసిపాప తర్వాత బడికి వెళ్ళి మంచి మార్కులతో ఆనర్ రోల్‌లోకి ఎక్కింది, ఎనిమిదేళ్ళకే పోయింది. ఒహాయో రాష్ట్ర రాజ్యాంగంలో అయితే ఇడియట్‌కి ఓటు హక్కు లేదు అన్న వాక్యం ఇప్పటికీ ఉంది.

నల్లకోటు_బెజవాడ
మనమేం తక్కువ కాదు బాబాయ్. 1912 ఇండియన్ లూనసీ చట్టంలో లూనటిక్ అంటే ఎవరు అన్నదానికి నిర్వచనం ‘ఇడియట్ లేదా మతిస్థిమితం లేని వ్యక్తి’. 1987 నాటి కొత్త చట్టం 1993లో అమల్లోకి వచ్చే దాకా అది నడిచింది. 1955 హిందూ వివాహ చట్టంలో పెళ్ళి షరతుల్లో వధూవరులు ఇడియట్ గానీ లూనటిక్ గానీ కాకూడదు అని ఉండేది, 1976లో మార్చారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ‘ఇడియట్’, ‘లూనటిక్’ అన్న మాటలు లేవు.

నిద్రరాని_కోడర్
ఒక ప్రశ్న. ఎవరు ఇడియట్, ఎవరు కాదు అని పాత రోజుల్లో ఎలా తేల్చేవాళ్ళు? ఐక్యూ పరీక్ష రాకముందు?

నల్లకోటు_బెజవాడ
ఇంగ్లండులో 16వ శతాబ్దం నాటి న్యాయగ్రంథాల్లో ఉంది: ఇరవై పెన్నీలు లెక్కపెట్టలేకపోతే, తల్లిదండ్రులెవరో, తన వయసెంతో చెప్పలేకపోతే ఇడియట్. తర్వాత 1913లో అక్కడి చట్టం, మామూలు ప్రమాదాల నుంచి తనని తాను కాపాడుకోలేనంత లోపం ఉంటేనే ఇడియట్ అంది. అంటే నిప్పు కాలుతుందని, నీళ్ళలో మునుగుతామని తెలియని స్థితి. లంకగట్టు గారూ, మీ చిన్న తాతయ్య ఏం పని చేసేవారో అమ్మగారిని అడగండి.

పదాలపిచ్చి
తెలుగులో ఏం రాయాలన్న ప్రశ్న మిగిలిపోయింది. ‘జడుడు’ అంటే ఇప్పుడు ఎవరికీ అర్థం కాదు. ‘మూర్ఖుడు’ అసలు పనికిరాదు, సంస్కృతంలో తెలివిలేనివాడే కానీ మనం మొండివాణ్ణి అంటాం. ‘వెర్రివాడు’ అంటే మతి చెడినవాడు అయిపోతాడు. ‘వెధవ’ సంగతి తెలిసిందే, విధవ అన్న మాటని తిట్టు చేసి మగవాళ్ళకి తగిలించాం, మొగుడు పోయిన ఆడదాని ఏడుపు దాని లోపల ఉంది. ‘చవట’ ఒక్కటే నయం, పంట పండని ఉప్పు నేలని తిట్టుకున్నట్టు, అది ఏ మనిషినీ చూసి పుట్టలేదు. మాటలు కిందికే పోతాయని కూడా లేదు. ఇంగ్లీషు ‘నైస్’ 14వ శతాబ్దంలో తెలివితక్కువవాడు అన్న అర్థంలో ఉండేది, ఇప్పుడు చూడండి ఎంత నైసో. సంస్కృతంలో ‘మూఢ’, ‘ముగ్ధ’ రెండూ ఒకే ధాతువు బిడ్డలు, ఒకటి తిట్టు దగ్గర ఆగింది, ఇంకొకటి కావ్యనాయిక అయింది.

ఓరుగల్లు_పోరడు
మా నాయనమ్మ ‘అమాయకుడు బిడ్డా’ అంటది ఇట్లాంటోళ్ళని. అది రాయొచ్చు కదా.

బుజ్జిగాడి_అమ్మ
అమాయకుడు అన్న మాట కూడా నాకు ఇష్టం లేదు తమ్ముడూ, ప్రేమతోనే అంటారు, తెలుసు. కానీ మావాడికి ఎవరు మంచివాళ్ళో ఎవరు కాదో బాగా తెలుసు. అయినా ఈయనకి బుద్ధిలోపం ఉందని ఎవరు చెప్పారు? వినపడదు, మాటలు రావు అని అమ్మగారు చెబుతున్నారు. ఇడియట్‌కి తెలుగు మాట ఎందుకు వెతుకుతున్నాం మనం?

పదాలపిచ్చి
నిజమే. నేను నిఘంటువులో పడిపోయాను.

లంకగట్టు
ఆదివారం అమ్మతో గంటన్నర మాట్లాడాను. అంతా చెప్పాను, 1928 చట్టం సంగతి కూడా. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “మా నాన్న చేసింది తప్పే, కానీ బాబాయికి అన్నం పెట్టకుండా ఆయన ఎప్పుడూ తినలేదు” అంది. రెండూ నిజమే అయి ఉంటాయి, మెల్బోర్న్ వదిన గారు అడిగినదానికి ఇదే జవాబు.

నల్లకోటు గారు చెప్పిన ఇరవై పెన్నీల పరీక్ష చదివి వినిపించాను. అమ్మ లేచి నిలబడినట్టుంది, గొంతు మారిపోయింది. మాకు కొబ్బరితోట ఉండేది, నలభై ఐదు రోజులకో, రెండు నెలలకో దింపు. కాయలు రాశి పోశాక లెక్క చిన్న తాతయ్యదే, ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదట. చేతికి రెండు చొప్పున రెండు చేతులతో నాలుగు, అది ఒక పుంజీ. ఇరవై ఐదు పుంజీలు అవతలికి వేశాక ఒక కాయ తీసి అరుగు మీద పెట్టేవాడు, అంటే వంద. అరుగు మీద ఎన్ని కాయలుంటే అన్ని వందలు. కొనడానికొచ్చిన వ్యాపారి మళ్ళీ లెక్కపెట్టుకుంటానంటే పక్కకి జరిగి, తువ్వాలు భుజం మీద వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడేవాడట. అమ్మకి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఒక్కసారి కూడా లెక్క తప్పలేదని, ఒకసారి వ్యాపారిదే తప్పితే ఈయన వెళ్ళి రాశిలోంచి ఆ పుంజీని వేలితో చూపించాడని చెప్పింది.

వంశవృక్షంలో ఇలా రాశాను: “వినపడదు, మాటలు రావు. ఇంటి కొబ్బరి దింపు లెక్కలన్నీ ఈయనే చూసేవారు. 1938 పంపకాల్లో ఈయనకి భాగం ఇవ్వలేదు, డిక్రీలో అందుకు ‘ఇడియట్’ అన్న మాట రాశారు.” ఆ మాట తీసేయమని కజిన్ ఒకడు అన్నాడు, పరువు పోతుందట. తీయలేదు.

నల్లకోటు_బెజవాడ
తీయకండి. ఉండాలి.

సీమ_మిరప
అరుగు మీద కాయల దగ్గర కళ్ళు తడిశాయి.

బుజ్జిగాడి_అమ్మ
పేరు పూర్తిగా రాశారా, ఇంటిపేరుతో సహా?

లంకగట్టు
రాశానండీ. డిక్రీలో ఆయన పేరులో ఒక అక్షరం తప్పు కొట్టారు, అమ్మని అడిగి అది కూడా సరిచేశాను.